మధ్యలో వదిలిన చోటు

ఆయన పంతొమ్మిదేళ్ళ వయసులో ఉండగా వాళ్ళ బావ ఆయన తల్లిని చెరిపేశాడు.

తల్లి అంటే ప్రాణంతో ఉన్న తల్లి కాదు. ఆమె పోయి అప్పటికి ఏడాది దాటింది. చెరిపింది గుడ్డమీద బొమ్మగా ఉన్న తల్లిని. అక్క భర్త అయిన ఆ బావకి ఫోటో స్టూడియో ఉండేది. వీధిలో పుట్టిన ప్రతి పసిబిడ్డకీ, పెళ్ళయిన ప్రతి జంటకీ ఫోటో తీసిన ఆ స్టూడియోలో ఆమెకి మాత్రం సరైన ఫోటో ఒక్కటీ లేదు. "రేపు తీద్దాంలే అత్తయ్యా" అని బావ వాయిదా వేస్తూ వచ్చాడు. "నా మొహానికి ఫోటో ఒకటే తక్కువ" అని నవ్వేసి ఆమె లోపలికి పోయేది. అలా ఆ రేపు రాకుండానే ఆమె వెళ్ళిపోయింది.

అందుకని కొడుకు జ్ఞాపకంలోంచి వేశాడు. స్టూడియో వెనక గదిలో మూల పడి ఉన్న పెద్ద గుడ్డ లాగి, జిగురూ సుద్దా పట్టించి, కిటికీ పక్కన కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తున్న అమ్మని దించాడు. ఒక కన్ను సగం మూసి, నాలుక కొస పెదాల మధ్య బిగించి, దారాన్ని వెలుగుకి ఎత్తి పట్టుకున్న అమ్మ. ఊళ్ళో చిత్రకళ బడివాళ్ళు చేరదలచినవాళ్ళని తలా ఒక బొమ్మ తెచ్చి చూపించమన్నారు. చూపించడానికి ఆయన దగ్గర ఉన్నది అదొక్కటే.

చట్రం కోసం వడ్రంగి దగ్గరికి వెళ్ళి వచ్చేసరికి స్టూడియోలో దీపాలు వెలుగుతున్నాయి. కొత్త జంట ఒకటి బిగుసుకుపోయి నిలబడి ఉంది. వాళ్ళ వెనక తను వేసిన కిటికీ ఉంది. కిటికీ పక్కన అమ్మ లేదు. అమ్మ ఉండాల్సిన చోట వెడల్పాటి కుంచెతో అడ్డంగా కొట్టిన బూడిద రంగు, ఇంకా తడి ఆరకుండా మెరుస్తోంది.

"వెనక్కి ఆనకండి, కోటుకి అంటుకుంటుంది" అని బావ పెళ్ళికొడుకుని హెచ్చరిస్తున్నాడు.

"బావా, అక్కడ అమ్మ..."

"ఉష్. వాళ్ళని కదిలించకు."

జంట వెళ్ళిపోయాక బావ దీపాలు ఆర్పుతూ, కోపం లేకుండానే, ఒక చిన్న తప్పు దిద్దినవాడిలా చెప్పాడు: "మధ్యలో మనిషిని కూర్చోబెడితే కస్టమర్ ఎక్కడ నిలబడతాడురా? పైగా గుడ్డ నాది. వెనక కట్టే పాత తెర చిరిగింది, వీళ్ళేమో వచ్చి కూర్చున్నారు, నన్నేం చెయ్యమంటావు? కానీ ఒకటి ఒప్పుకోవాలి. కిటికీ మాత్రం అదరగొట్టావు. నిజం కిటికీ అనుకుని ఆ పిల్ల తొంగిచూసింది తెలుసా!"

ఆయన అక్క వైపు చూశాడు. అక్క గుమ్మంలో నిలబడి అంతా విన్నది. "మాట్లాడకు" అంది గొంతు తగ్గించి. "ఇద్దరం తింటున్న కంచం ఇది." ఆ చెరిగిపోయినావిడ నీకూ అమ్మే కదా అనడానికి ఆయనకి నోరు రాలేదు.

చిత్రకళ బడికి వచ్చే ఏడు పంపిస్తానన్నాడు బావ. వచ్చే ఏడు అనేది ఒక వింత సరుకు. అంగట్లో ఎప్పుడూ ఉంటుంది, ఎవరి చేతికీ అందదు. ఆ కిటికీ తెర మాత్రం చాలా కాలం నడిచింది. ఊళ్ళో సగం ఇళ్ళలో, అద్దాల చట్రాల్లో, ఎవరెవరి భుజాల పక్కనో ఆ కిటికీ కనిపించేది. చివరికి మడతల దగ్గర చిరిగి, వానాకాలంలో బావ స్కూటర్ మీద కప్పే గుడ్డ అయింది. తర్వాత అదీ కాకుండా పోయింది.

అలా స్టూడియోకి తెరలు వేస్తూ వేస్తూ ఆయన తెరలాయన అయ్యాడు. వీధిలో అందరూ ఆ పేరుతోనే పిలిచారు.

ఇప్పటివాళ్ళకి తెలియకపోవచ్చు గానీ, ఒకప్పుడు ఫోటో దిగడమంటే ఒక అబద్ధం ముందు నిలబడటం. ఇంటి గోడకి సున్నం లేనివాడు పాలరాతి మెట్ల ముందు చేతులు కట్టుకుని నిలబడేవాడు. సముద్రం మొహం ఎరగని పిల్ల వెన్నెల్లో ఓడ ముందు నవ్వేది. ఆ మెట్లూ ఆ ఓడా ఆ వెన్నెలా అన్నీ తెరలాయన చేతిమీదుగా వచ్చినవే. ఎరుపు వేస్తే నలుపు తెలుపు ఫోటోలో నల్లగా పడుతుందని, అందుకని రంగులన్నీ బూడిదలోనే ఆలోచించాలని ఆయన నేర్చుకున్నాడు. ఆకాశమూ నేలా కలిసే గీత నిలబడ్డ మనిషి మెడ దగ్గరికి రాకూడదని, వస్తే తల తెగినట్టు ఉంటుందని నేర్చుకున్నాడు. అంచుల్లో స్తంభాలూ పూలకుండీలూ ఎంత వివరంగానైనా వేయొచ్చు. మధ్యకి వచ్చేసరికి కుంచె సన్నగిల్లాలి, అంతా పొగమంచు అయిపోవాలి. అది మనిషి నిలబడే చోటు. అక్కడ ఏమీ ఉండకూడదు.

ఆ పొగమంచు వేయడంలో ఆయన్ని కొట్టినవాడు లేడని చుట్టుపక్కల స్టూడియోలవాళ్ళు అనేవాళ్ళు. తమకీ వేసిపెట్టమని వచ్చేవాళ్ళు. బావ ఛాతీ విరుచుకుని "మావాడే" అనేవాడు. ఆ 'మావాడే'లో 'మా' ఎక్కువగానూ 'వాడు' తక్కువగానూ వినిపించేది.

పెళ్ళి మాటలు రాకపోలేదు. "మా తమ్ముడు ఆర్టిస్టు" అని అక్క మొదలుపెట్టేది. "అంటే ఏం చేస్తుంటాడు?" అని వాళ్ళు అడిగేవాళ్ళు. బావ కల్పించుకుని "నా దగ్గర ఉంటాడు" అనేవాడు. మాట అక్కడితో చల్లారిపోయేది. తర్వాత తర్వాత అక్క మొదలుపెట్టడమే మానేసింది.

ఇన్నేళ్ళలో ఆయన్ని లోపల తొలిచింది పెళ్ళి కాకపోవడం కాదు. ఊరంతా ఆయన బొమ్మల ముందు నిలబడింది గానీ, నిలబడ్డ ప్రతివాడూ వాటికి వీపు చూపించే నిలబడ్డాడు. వీపుల కోసం బొమ్మలు వేసిన మనిషి ఆయన. చచ్చేలోపు ఒక్క బొమ్మ వేయాలి, దాని మధ్యలో ఒక మనిషి ఉండాలి, ఎవరైనా ఒకరు వచ్చి దాని వైపు తిరిగి నిలబడాలి. ఆయన కోరిక అంతే. పెద్ద కోరిక కాదు. కానీ దానికి కావలసిన గుడ్డ ఉన్నప్పుడు తీరిక లేదు, తీరిక వచ్చేసరికి తెరల కాలమే పోయింది. తెల్లగోడ చాలన్నారు. వెనక ఏం కావాలంటే అది కంప్యూటర్ పెడుతుందన్నారు. తెరలన్నీ చుట్టలు చుట్టి అటక ఎక్కించారు. పాలరాతి మెట్లు వేసిన మనిషి పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరించి చిన్న కవర్లలో పెట్టి ఇచ్చే పనిలోకి వచ్చాడు. ఫోటోలు కడిగే చీకటిగదికి పని లేకుండా పోయింది కాబట్టి అందులో ఆయన మంచం వేశారు. కిటికీ లేని గది. ఒక మూల నీళ్ళ కుళాయి, తొట్టి. గోడల్లోంచి ఫోటోలు కడిగే మందుల వాసన మాత్రం పోలేదు.

అక్క కూతురు కూడా ఫోటోలు తీసేది, కానీ తండ్రిలా కాదు. తడిసిన గోడలు, మూసిన షట్టర్లు, ఎవరూ కూర్చోని బెంచీలు. బావకి అది మింగుడుపడేది కాదు. "మనుషులంటే భయమా ఏంటే? కరుస్తారా?" అనేవాడు. "కదులుతారు నాన్నా" అనేది ఆ పిల్ల తాపీగా. ఒకరోజు మధ్యాహ్నం ఆమె స్టూడియోలోకి వచ్చి మేనమామ ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

"మావయ్యా, చేతులు ఖాళీయేనా?"

"కత్తెర ఉందిగా. నీ కళ్ళజోడు ఎక్కడ పారేశావు?"

"జోకులొద్దు. మేం ఆరుగురం కలిసి గ్యాలరీలో ప్రదర్శన పెడుతున్నాం. ముగ్గురు ఫోటోలవాళ్ళు, ముగ్గురు పెయింటర్లు. ఒక గోడమీద ఫోటో, దాని పక్క గోడమీద పెయింటింగు, అలా. పెయింటర్ ఒకాయన ఆఖర్లో చెయ్యిచ్చాడు. చివరి గోడ ఖాళీగా ఉంది." ఆమె ముందుకి వంగింది. "అది నీకు."

ఆయన కత్తిరిస్తున్న ఫోటోలో ఎవరిదో చెవి కాస్త తెగింది.

"నాకేంటే!"

"అటకమీద పాత తెర ఒకటి దించు చాలు. ఆ మెట్లది ఉందిగా? చూసినవాళ్ళకి పిచ్చెక్కిపోతుంది."

"పాతది వద్దు" అన్నాడు. కత్తెర బల్లమీద పెట్టేశాడు. "కొత్తది వేస్తా. మనిషిని వేస్తా."

లోపల్నుంచి బావ మాట వినిపించింది. మోకాళ్ళు పాడయ్యాక బావ కుర్చీలోంచి అంతగా లేవడు గానీ చెవులు మాత్రం ఇంకా వీధి చివరిదాకా పనిచేస్తాయి. "గ్యాలరీలోనా? వీడా? బాగుంది. వచ్చినవాళ్ళు వీడి ముందు నిలబడి దండం పెడతారు కాబోలు!"

"నువ్వూరుకో నాన్నా."

"నేనేమన్నానే! వెయ్యమనే అంటున్నా. మధ్యలో చోటు వదలమను, అంతే."

బావ సరదాకే అన్నాడు. ఆయన అన్నవన్నీ సరదాకే. అలాంటి సరదాల కింద ఒక జీవితం నలిగిపోయినా, దానికి ఎవరిమీదా కేసు పెట్టలేం.

తెరలాయన అక్కని వేస్తానన్నాడు. అక్క ముందు నవ్వింది, తర్వాత సిగ్గుపడింది, ఆ తర్వాత అద్దం దగ్గరికి వెళ్ళింది. డాబామీద రేకుల నీడలో కుర్చీ వేశారు. మధ్యాహ్నం బావ కునుకు తీసే వేళకి ఆమె పైకి వచ్చి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. వెనక నీళ్ళ ట్యాంకు, ఆరేసిన దుప్పట్లు, పక్కింటి మెట్లు, వాటికి పైన ఆకాశం.

"అంతసేపు నా మొహంలోకి చూడకురా, నాకేదోలా ఉంది. మీ బావ కూడా ఇంతసేపు చూసింది లేదు."

"మాట్లాడకక్కా. పెదాలు కదులుతున్నాయి."

"ఫోటో అయితే ఈపాటికి చేతికిచ్చి పంపేవాళ్ళు." మళ్ళీ అనేది: "పక్కింటావిడకి చెప్పాను. ఎవరైనా పోయాక గోడకెక్కుతారు, నేను చూడండి, బతికుండగానే ఎక్కుతున్నానన్నాను. నవ్వలేక చచ్చిందనుకో."

ఒకరోజు నవ్వు లేకుండా అడిగింది: "అమ్మలా వస్తున్నానా?"

ఆయన కుంచె కడుక్కుంటున్నట్టు అటు తిరిగాడు.

ఎందుకంటే బొమ్మలోకి ఆమె అసలు రావడం లేదు. ట్యాంకు వచ్చింది, తుప్పు చారలతో సహా. దుప్పట్ల మడతల్లో గాలి వచ్చింది. పక్కింటి మెట్లమీద ఎండ వచ్చింది. చూస్తే కళ్ళు చిట్లించుకోవాలనిపించేంత ఎండ. మధ్యలో అక్క మాత్రం, ఎవరో పత్రికలోంచి కత్తిరించి అంటించిన బొమ్మలా ఉంది. కుర్చీలో బరువుగా కూర్చోలేదు. చేతులు ఒళ్ళో ఆనలేదు. ఆమె నీడ ఎక్కడ పడాలో ఆయనకి తెలియలేదు. ఇన్నేళ్ళూ ఆయన బొమ్మల ముందుకి వచ్చినవాళ్ళు తమ నీడని తామే వెంట తెచ్చుకున్నారు. మళ్ళీ గీకి మళ్ళీ వేశాడు. కళ్ళు కుదిరితే ముక్కు కుదరదు, ముక్కు కుదిరితే ఆ మొహం అక్కది కాదు, తాను కత్తిరించి కవర్లో పెట్టిన వందలాది మొహాల్లో ఏదో ఒకటి. పంతొమ్మిదేళ్ళప్పుడు ఎదురుగా మనిషి లేకుండానే నాలుక కొస దాకా వేసిన చేతికి, ఎదురుగా మనిషి కూర్చుని ఉండగా ఒక చెంప రావడం లేదు. ఆ చెయ్యి ఎప్పుడు చచ్చిపోయిందో ఆయనకి తెలియదు. చచ్చిపోయాక కూడా అది ఇన్నేళ్ళు పనిచేస్తూనే ఉంది కాబట్టి ఎవరూ గమనించలేదు.

బొమ్మ ఇవ్వాల్సిన గడువు దగ్గరపడింది. "ఇక నువ్వు కూర్చోనక్కరలేదక్కా, నేను చూసుకుంటా" అని ఆమెని పంపేశాడు. ఒక్కడే నిలబడి చాలాసేపు చూశాడు. ముక్కు దిద్దుదామని గుడ్డముక్క టర్పెంటైన్‌లో ముంచి తుడిచాడు. ముక్కు పోయాక కళ్ళు నిలవలేదు. కళ్ళు తుడిచాక మిగిలిన మొహాన్ని అలా ఉంచడం అన్యాయంగా తోచింది. మెడ, భుజాలు, చేతులు, కుర్చీ. తుడిచిన మరకలు అసహ్యంగా ఉన్నాయని వెడల్పు కుంచె తీసుకున్నాడు. ఆ తర్వాత ఆయన ఆలోచించలేదు. చెయ్యే చేసుకుపోయింది. రోజులకి రోజులు తీసుకున్నా రాని పని కాస్సేపట్లో అయిపోయింది. ట్యాంకు అంచు నుంచి దుప్పట్ల అంచు దాకా, ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో తెలియని పొగమంచు. అంత మెత్తటి పొగమంచు తన మంచి రోజుల్లో కూడా వేయలేదు.

కుంచె కింద పెట్టాక చేసిందేమిటో ఆయనకి అర్థమైంది. కిందికి దిగి, చీకటిగదిలో మంచంమీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు మేనకోడలు వ్యాన్ తీసుకుని వచ్చింది. డాబా ఎక్కి బొమ్మ చూసి, గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇంకా అవలేదే అమ్మడూ."

"అయింది మావయ్యా."

"మధ్యలో మీ అమ్మ ఉండాలి. చెరిపేశాను."

ఆ పిల్ల దగ్గరికి వెళ్ళి ఆ పొగమంచుని చేత్తో తాకబోయి, తాకకుండా ఆగింది. "అందుకే ఇంత బాగుంది" అంది మెల్లగా. "ఇంకేం చెయ్యకు. ప్లీజ్."

బాగుందన్న మాట ఆయన జీవితంలో తక్కువగా విన్నాడు. విన్నప్పుడల్లా ఇలాంటి చోటే విన్నాడు. వద్దు అనాలనుకున్నాడు. కానీ వద్దంటే చివరి గోడ ఖాళీగా ఉండిపోతుంది, పిల్ల మాట పోతుంది. దుప్పటిలో చుట్టి వ్యాన్ ఎక్కించాడు. అక్కకి చెప్పాలని ఆయన అనుకున్నాడు, అమ్మకి చెప్పాలని ఆమె అనుకుంది. ఎవరూ చెప్పలేదు.

గ్యాలరీ అంటే ఒకప్పుడు గోడౌన్. గోడలకి తెల్లరంగు కొట్టి, పైన చిన్న చిన్న దీపాలు బిగించి, తలుపు దగ్గర బల్లమీద కాగితం కప్పుల్లో టీ పెట్టారు. లోపలికి రాగానే మేనకోడలి ఖాళీ బెంచీల ఫోటోలు, వాటి పక్కన ఎవరిదో నీలం రంగు పెయింటింగు, మళ్ళీ ఫోటోలు, మళ్ళీ పెయింటింగు. చివరి గోడమీద, పైనున్న దీపం సరిగ్గా పడేట్టు, తెరలాయన బొమ్మ. కింద చిన్న అట్టమీద 'ఎడబాటు' అని రాసి ఉంది. ఆ పేరు ఆయన పెట్టలేదు. బొమ్మలో ఖాళీ కనిపిస్తే ఎడబాటు అనో నిరీక్షణ అనో అట్ట తగిలించడం అలాంటిచోట్ల మామూలే. చేతకానితనం అని ఎవరూ రాయరు.

ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని గోడకి కాస్త దూరంగా నిలబడ్డాడు. జనం వచ్చారు. నీలం పెయింటింగు ముందు తలలు పక్కకి వంచారు. ఫోటోల ముందు గుసగుసలాడారు. చివరి గోడ దాకా ఎవరూ వచ్చేలా లేరు అనుకుంటుండగా ఒక అమ్మాయి వచ్చింది. వచ్చి బొమ్మకి ఎదురుగా ఆగింది. కదల్లేదు. ట్యాంకు చూసింది, మెట్లు చూసింది, ఒకడుగు వెనక్కి వేసి మధ్యలోకి చూసింది. మనిషి లేకపోతేనేం, ఇన్నేళ్ళకి ఒకరు ఆయన బొమ్మ వైపు తిరిగి నిలబడ్డారు. అలా ఇంకాసేపు నిలబడితే వెళ్ళి ఏదైనా మాట్లాడాలనుకున్నాడు. 'అక్కడ మా అక్క ఉండేదమ్మా' అని చెబుదామనుకున్నాడు.

ఆ అమ్మాయి చేతిలో ఫోన్ స్నేహితురాలికి ఇచ్చి, జుట్టు సవరించుకుని, వెనక్కి తిరిగింది.

ఆమె అంతసేపూ చూసింది తను నిలబడే చోటుని. తిరిగి సరిగ్గా పొగమంచు మధ్యలో నిలబడింది. ఎంత బాగా సరిపోయిందంటే, ఆమె కోసమే వదిలినట్టు ఉంది.

"కొంచెం ముందుకమ్మా" అన్న మాట ఎవరి నోట్లోంచి వచ్చిందో ఆయనకి వెంటనే తెలియలేదు. "ఆకాశం గీత మెడమీద పడుతోంది. ఆ, అంతే. గడ్డం కొద్దిగా కిందికి."

ఫోటో చూసుకుని ఆ అమ్మాయిలిద్దరూ కేరింత కొట్టారు. "అంకుల్, ఇద్దరికీ కలిపి ఒకటి తీయరా?" అన్నారు. ఆ కేరింతకి నీలం పెయింటింగు ముందున్నవాళ్ళు తలలు తిప్పారు. తర్వాత ఒక జంట వచ్చింది. తర్వాత ఒక తండ్రీ చంకలో పిల్లా. చూస్తుండగా చివరి గోడ ముందు వరస తయారైంది. గ్యాలరీ నడిపే ఆవిడ మొహం వెలిగిపోయింది. "మాస్టారూ, జనమంతా మీ గోడ దగ్గరే!" అంది. నీలం పెయింటింగాయన మాత్రం టీ కప్పు నలిపి బుట్టలో పడేశాడు. తెరలాయన ఒకరి తర్వాత ఒకరిని నిలబెడుతున్నాడు. భుజం తిప్పండి. పిల్లని ఇటు ఎత్తుకోండి. చేతులు జేబులో వద్దు. ఆపుదామనుకుంటూనే నిలబెడుతున్నాడు. ఏ మనిషినీ తాను గీయలేడని తెలిశాక, మనుషుల్ని నిలబెట్టడమే ఆయనకి మిగిలిన విద్య.

అప్పుడే బావ వచ్చాడు, చేతికర్ర ఊపుకుంటూ, దారిలో ఉన్నవాళ్ళని తప్పుకోమంటూ. వరస చూసి ఆయన కళ్ళు మెరిశాయి.

"అదీ! అలా ఉండాలి! మధ్యలో ఎలా వదిలాడో చూశారా?" పక్కనున్న ఎవరికో చెప్పడం మొదలుపెట్టాడు. "మా బావమరిది. నా చేతికింద పెరిగినవాడు. చోటు వదలాలని వీడికి చెప్పిందెవరనుకున్నారు? మొదట్లో తెలిసేది కాదు వీడికి, మధ్యలో మనిషిని పెట్టి కూర్చునేవాడు!"

బావ వెనకే అక్క ఉంది. మంచి బట్టలు కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని, పక్కింటావిడ చెయ్యి పట్టుకుని వచ్చింది. కళ్ళజోడు పెట్టుకుని బొమ్మ దగ్గరికి వెళ్ళింది. ట్యాంకు గుర్తుపట్టింది. దుప్పట్లు గుర్తుపట్టి పక్కింటావిడకి చూపించింది. తర్వాత వేలు మధ్యలోకి వచ్చి గాలిలో ఆగిపోయింది. ఆ అంచు నుంచి ఈ అంచుకి చూసింది. కిందికి వంగి చూసింది.

"నేనెక్కడరా?" అంది.

ఆయన తన చేతిలో ఉన్న ఎవరిదో ఫోన్ వాళ్ళకి తిరిగిచ్చేశాడు.

"ఇక్కడ కూర్చున్నాను కదరా నేను. రోజూ వచ్చాను కదా." గొంతులో కోపం లేదు. సంచిలో పెట్టిన వస్తువు కనిపించక వెతుక్కుంటున్న మనిషి గొంతు అది. పక్కింటావిడ కల్పించుకుని "రంగులు బాగున్నాయండీ" అంది.

"నువ్వెందుకే అందులో?" అన్నాడు బావ నవ్వుతూ. "ముందుకెళ్ళి నిలబడు. నువ్వే ఉంటావు. ఏరా?"

అందరూ ఆయన వైపు చూశారు. మేనకోడలు కెమెరా పట్టుకుని, పెదవి కొరుక్కుంటూ, తలవంచుకుంది. ఆ ఒక్క క్షణం ఆయన ఏదైనా అనొచ్చు. దీన్ని దించెయ్యండి అనొచ్చు. క్షమించక్కా అనొచ్చు. ఎప్పుడో పంతొమ్మిదేళ్ళప్పుడు అనాల్సిన మాట ఏదో ఒకటి అనొచ్చు.

"నిలబడక్కా" అన్నాడు.

అక్క వెళ్ళి నిలబడింది. పక్కన బావ కర్ర ఆనించుకుని నిలబడ్డాడు, ఆ పక్కన పక్కింటావిడ. మేనకోడలు ఫోటో తీసింది. ఆ ఫోటోలో బావ నవ్వుతున్నాడు. అక్క కెమెరాకేసి చూడటం లేదు. పక్కకి, తమ్ముడు నిలబడి ఉన్న వైపు చూస్తోంది. ఒకప్పుడు తమ్ముణ్ణి మాట్లాడకు అన్న మనిషి, ఈసారి తనే ఏమీ మాట్లాడలేదు. ఇంటికి వెళ్ళేదాకా మాట్లాడలేదు. ఆ తర్వాత కూడా ఎప్పటిలాగే వేళకి భోజనం పంపింది, చొక్కాలు ఉతికించింది, జ్వరం వస్తే మందు పంపింది. డాబామీదికి మాత్రం మళ్ళీ రాలేదు. పక్కింటావిడ అడిగితే "ఆ బొమ్మ సంగతా? వాడికి కుదర్లేదులెండి" అందట. అంతకన్నా నిజమైన మాట ఆ ప్రదర్శన గురించి ఎవరూ అనలేదు.

ప్రదర్శన ముగిశాక మేనకోడలికి వేరే ఊళ్ళో ఉద్యోగం దొరికింది. వెళ్ళేముందు స్టూడియోకి వచ్చింది. అదే స్టూలు లాక్కుని కూర్చుంది. వాళ్ళిద్దరూ కలుసుకోవడం అదే ఆఖరు. ఆ సంగతి ఇద్దరికీ తెలియదు. ఆయన కత్తెరతో పనిచేస్తూనే ఉన్నాడు. ఎవరో కుర్రాడి మొహాలు, ఒకేలాంటివి, బల్లమీద వరసగా ఉన్నాయి.

"మావయ్యా, నీ బొమ్మ ఒక హోటల్ వాళ్ళు తీసుకున్నారు. ముందు హాల్లో పెడతారట. వచ్చినవాళ్ళు దాని ముందు ఫోటోలు దిగుతారట." సంతోషంగా చెప్పాలని వచ్చింది గానీ సగంలో ఆ సంతోషం చెదిరింది. "అలాంటివే ఇంకా కావాలంటున్నారు. ప్రతి అంతస్తులోనూ ఒకటి. కింద నీ పేరు కూడా రాస్తారట."

కత్తెర చప్పుడు ఆగలేదు.

"నీకిష్టం లేకపోతే వద్దని చెప్పేస్తాను. నిజంగా. లేకపోతే..." ఆమె తడబడింది. "ఒక్కటైనా మనిషి ఉన్న బొమ్మ వేసిస్తాడు, తీసుకుంటారా అని అడగనా? నేను అడుగుతాను. గట్టిగా అడుగుతాను మావయ్యా."

ఆయన ఆఖరి ఫోటో కత్తిరించి, నాలుగు మూలలూ సరిచూసి, కవర్లో పెట్టాడు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. మేనకోడలి మొహంలోకి కాసేపు చూశాడు, ఆ మొహంలో ఏ వైపు నీడ పడుతోందో చూస్తున్నవాడిలా. తర్వాత ఆ చూపు కూడా మానేశాడు.

"అదేం అడగొద్దులే" అన్నాడు. "ఒక్కొక్కళ్ళు నిలబడతారో, ఇంటిల్లిపాదీ కలిసి నిలబడతారో అది కనుక్కోవే అమ్మడూ. ఆ మేరకి మధ్యలో వదులుతాను."